పాట ఉంది, పేరేది? డిజిటల్ పాటల సేకరణకు కమాండ్ లైన్ పనిముట్లు: ఒక సమీక్ష

హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద, అద్దంకి రోడ్డు చీలే చోట నార్కట్‌పల్లి ఉంది. పక్కనే చెరువుగట్టు మీద జడల రామలింగేశ్వరస్వామి గుడి. ఊళ్లో ఆర్టీసీ డిపో, వైద్య కళాశాల, రహదారి పొడవునా హోటళ్లు. ఇలాంటి ఊళ్లో ఏ ఇంటి పాత మెమరీ కార్డు తెరిచి చూసినా మూడు నాలుగు తరాల పాటలు ఒక్కచోట కనిపిస్తాయి. ఘంటసాల పాత పాటలు, ఇళయరాజా కాలం సినిమా పాటలు, అమావాస్య జాతర భక్తి పాటలు, బతుకమ్మ ఉయ్యాలలు, తెలంగాణ ఉద్యమం నాటి ధూంధాం పాటలు, బరాత్ కోసం ఎక్కించుకున్న డీజే పాటలు, ఎవరో ఫోన్‌లో పట్టుకున్న ఒగ్గు కథ. పాటలకు కొరత లేదు. ఫైళ్ల పేర్లు చూస్తేనే దిగులు పుడుతుంది. సగానికి ‘ట్రాక్ 01’ అనో ‘న్యూ రికార్డింగ్’ అనో ఉంటుంది. పాడిందెవరో, రాసిందెవరో, ఏ ఊరి పాటో తెలిసే దారి ఉండదు.

ఈ చిక్కు విప్పడానికి మంచి ఉచిత పనిముట్లు చాలా కాలంగా ఉన్నాయి. వాటిలో బలమైనవి టర్మినల్‌లో ఆదేశాలు టైపు చేసి నడిపే కమాండ్ లైన్ రకం. అవి తెలుగు పాటల సేకరణకు ఎంతవరకు అక్కరకొస్తాయి, ఎక్కడ చేతులెత్తేస్తాయి, అక్కడ మనం ఏం చేయాలి అన్నది ఈ సమీక్ష విషయం. నా అభిప్రాయం ముందే చెబుతాను. సినిమా పాటల పని చాలావరకు యంత్రానికి అప్పగించవచ్చు. ఈ నేల మీద పుట్టిన పాటలకు మాత్రం పేర్లు మన చేతితోనే రాయాలి.

పేరు ఎక్కడ జారిపోయింది

గ్రామఫోన్ రికార్డు నడుమ అంటించిన కాగితం మీద, క్యాసెట్ పెట్టెలోని అట్ట మీద పాట వివరాలు అచ్చై ఉండేవి. పాడినవారు, రాసినవారు, సంగీతం కూర్చినవారు ఎవరన్నది ఆ చిన్న అట్టే చెప్పేది. ఎంపీత్రీ సీడీలు వచ్చాక ఒక్క సీడీలో వందకు పైగా పాటలు పట్టాయి. అన్ని పాటల వివరాలు అట్ట మీద పట్టక, మొదట రాలిపోయింది రచయిత పేరు. తర్వాత సెల్‌ఫోన్ దుకాణంలో కొన్ని రూపాయలిచ్చి చిప్పులో పాటలు ఎక్కించుకునే రోజులు వచ్చాయి. దుకాణం కంప్యూటర్‌లో ఫోల్డర్ ఎలా ఉంటే అలాగే మన కార్డులోకి దిగేది. పాటలు ఉచితంగా పంచే సైట్లు పాట పేరులోనూ, ఆల్బమ్ పేరులోనూ, బొమ్మలోనూ తమ చిరునామాలే కొట్టి పెట్టాయి. ఇప్పుడు వాట్సాప్‌లో వచ్చిన పాటకు పేరు బదులు ఒక తేదీ, ఒక వరుస సంఖ్య మిగులుతున్నాయి. ఆ తేదీ కూడా పాట మన ఫోన్‌కు చేరిన రోజుది, పాడిన రోజుది కాదు.

ఫైలు లోపల వివరాలు రాసుకునే ఏర్పాటు మాత్రం మొదటినుంచీ ఉంది. 1996లో ఎరిక్ కెంప్ ఎంపీత్రీ ఫైలు చివర 128 బైట్ల చిన్న పెట్టె ఒకటి తగిలించాడు. దాని పేరే ఐడీత్రీ. పాట పేరుకు 30 బైట్లు, కళాకారుడికి 30, ఆల్బమ్‌కు 30, సంవత్సరానికి 4, వ్యాఖ్యకు 30, సంగీత రకానికి 1. రచయితకు చోటు లేదు, సంగీత దర్శకుడికీ లేదు. రకాల పట్టికలో మొదట 80 పేర్లు ఉండేవి. అందులో పోల్కా ఉంది, జానపదం లేదు. జానపదానికి సమానమైన రకం తర్వాత విన్ఆంప్ అనే పాటల ప్లేయర్ పొడిగించిన పట్టికలో చేరింది. ఆ పెట్టె తయారైంది పాశ్చాత్య పాప్ పాటల కొలతలకు. ఒక గాయకుడు, ఒక ఆల్బమ్, ఒక సంవత్సరం, అంతే.

1998లో వచ్చిన ఐడీత్రీ రెండో తరం ఈ ఇరుకును పోగొట్టింది. రచయితకు, స్వరకర్తకు, భాషకు, పాట పాఠానికి, తొలిసారి విడుదలైన సంవత్సరానికి వేర్వేరు అరలు ఏర్పడ్డాయి. మనకు నచ్చిన పేరుతో కొత్త అర తెరుచుకునే వీలూ వచ్చింది. ఫ్లాక్, ఆగ్ ఫైళ్లు వాడే వోర్బిస్ పద్ధతిలో అరలకు ఇంగ్లిష్ అక్షరాల్లో ఏ పేరైనా పెట్టుకోవచ్చు. అంటే పావు శతాబ్దం పైగా రచయిత పేరుకు చోటు సిద్ధంగానే ఉంది. నింపేవారే లేరు.

తెలుగు అక్షరానికి ఎదురయ్యే అడ్డంకులు

ఈ అరల్లో రాసే వివరాలను ట్యాగులు అంటారు. వాటిని తెలుగులోనే రాయాలి అన్నది నా గట్టి అభిప్రాయం. ఇంగ్లిష్ లిపిలో రాస్తే సుశీల పేరును ఒకరు ఒకలా, మరొకరు ఇంకోలా రాస్తారు. బాలసుబ్రహ్మణ్యం పేరుకైతే అరడజను రూపాలు తిరుగుతున్నాయి. తెలుగులో ఈ బెడద చాలా తక్కువ. అయితే తెలుగు రాసేవారు నాలుగు సంగతులు తెలుసుకోవాలి.

మొదటిది బైట్ల లెక్క. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుంది. గుణింతం గుర్తు, పొల్లు, సున్న అన్నీ విడివిడి సంకేతాలే. ‘వేంకటేశ్వరరావు’ అన్న పేరు ఒక్కటే 14 సంకేతాలు, అంటే 42 బైట్లు. పాత ఐడీత్రీ 30 బైట్ల అరకు యూనికోడ్ లేదు సరే, ఉన్నా ఈ పేరు పట్టేది కాదు. లినక్స్‌లో ఫైలు పేరుకు హద్దు 255 బైట్లు. తెలుగులో అది 85 సంకేతాలతో సరి. సినిమా పేరు, పాట మొదటి మాటలు, ఇద్దరు గాయకుల పేర్లు అన్నీ ఫైలు పేరులోనే కుక్కితే హద్దు దాటిపోతుంది. కాబట్టి ఫైలు పేరు పొట్టిగా ఉంచి, వివరాలన్నీ ట్యాగులోనే రాయాలి.

రెండోది కంటికి కనిపించని గుర్తు. నార్కట్‌పల్లి అని రాసేటప్పుడు ‘ట’ కింద ‘ప’ ఒత్తుగా పడకుండా నడుమ ఒక గుర్తు పెడతాం. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. కొన్ని ఫైళ్లలో ఆ గుర్తు ఉండి, కొన్నింటిలో లేకపోతే ఊరి పేరుతో వెతికినప్పుడు సగం పాటలే దొరుకుతాయి. ఏదో ఒక పద్ధతికి కట్టుబడాలి.

మూడోది ఐత్వం. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయవచ్చు, ఎత్వం, దాని తోక అని రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. ప్రమాణం ప్రకారం రెండూ సమానమే. పాత మ్యాక్ కంప్యూటర్ల ఫైలు వ్యవస్థ రెండో పద్ధతిలో దాచేది. అందువల్ల రెండు చోట్ల నుంచి తెచ్చిన మైసమ్మ పాటలు మన కళ్లకు ఒకే పేరుతో కనిపించినా, కంప్యూటర్ వాటిని వేరు పేర్లుగా పట్టుకోవచ్చు. అన్నింటినీ కలిపి రాసే ఎన్ఎఫ్‌సీ రూపంలోకి మార్చడానికి పైథాన్‌లో చిన్న స్క్రిప్టు చాలు. సేకరణ పెద్దదయ్యేలోపే ఆ పని చేసుకోవాలి.

నాలుగోది టర్మినల్. చాలా టర్మినళ్లు తెరను సమానమైన గడులుగా విడగొట్టి గడికో అక్షరం చొప్పున చూపిస్తాయి. తెలుగు గుణింతాలు, ఒత్తులు ఆ గడుల్లో ఇమడవు. అక్షరాలు విరిగి, ఒకదాని మీద ఒకటి ఎక్కి కనిపిస్తాయి. దాన్ని చూసి ఫైలు పాడైందని బెంబేలు పడి ట్యాగు చెరిపేసేవారున్నారు. చెదిరింది తెర మీది బొమ్మే, లోపలి సమాచారం కాదు. చూడడం, దిద్దడం మామూలు ఎడిటర్‌లో చేసి, ఆదేశం నడపడానికి మాత్రం టర్మినల్ వాడితే పని సాఫీగా సాగుతుంది.

పనిముట్లు ఎన్ని రకాలు

ఒక్కో ఫైలు మీద పనిచేసేవి మొదటి రకం. వీటిలో పాతదైన ఐడీత్రీవీటూ అనే పనిముట్టు యూనికోడ్‌ను సరిగా రాయలేదు, తెలుగుకు పనికిరాదు. దాని బదులు మ్యూటాజెన్ అనే పైథాన్ గ్రంథాలయంతో వచ్చే మిడ్‌త్రీవీటూ వాడాలి. ఎంపీత్రీ ఫైళ్లు మాత్రమే ఉన్నవారికి వాటి ఐడీత్రీ ట్యాగులు చదివి రాసే ఐ-డీ-త్రీ (eyeD3) అనే పైథాన్ పనిముట్టు కూడా ఉంది. ఫ్లాక్ ఫైళ్లకు మెటాఫ్లాక్ నమ్మకమైనది. ట్యాగులన్నీ మామూలు టెక్స్ట్ ఫైలుగా బయటికి తీసి, దిద్ది, మళ్లీ లోపలికి పంపవచ్చు. ఎక్సిఫ్‌టూల్ ఎంపీత్రీ ట్యాగులు చదువుతుంది కానీ రాయదు.

పలు రకాల ఫైళ్లను ఒకేచోట దిద్దేవి రెండో రకం. వీటిలో కిడ్‌త్రీ మేలైనది. దానికి కిటికీల రూపమూ ఉంది, కమాండ్ లైన్ రూపమూ ఉంది. ఎంపీత్రీ, ఫ్లాక్, ఎం4ఏ, ఓపస్ తేడా లేకుండా అన్నింటినీ ఒకే తీరుగా దిద్దుతుంది. టర్మినల్ అలవాటు లేని ఇంటివారు కిటికీలో దిద్దితే, అలవాటున్నవారు అదే పని స్క్రిప్టుతో చేయవచ్చు. ఒకే సేకరణ మీద ఇద్దరు ముగ్గురు పనిచేసే చోట ఇది బాగా కలిసొస్తుంది.

మూడో రకం సేకరణ మొత్తాన్ని ఏలేది. ఇందులో అగ్రస్థానం బీట్స్‌ది. ఏడ్రియన్ సాంప్సన్ 2010లో విడుదల చేసిన ఈ పైథాన్ పనిముట్టు ఫైళ్లను గుర్తుపట్టి, ట్యాగులు రాసి, మనం చెప్పిన వరుసలో ఫోల్డర్లుగా సర్ది, వివరాలన్నీ ఒక ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో నమోదు చేస్తుంది. టర్మినల్ అసలే వద్దనుకునేవారికి మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్, విండోస్‌లో ఎంపీత్రీట్యాగ్ ఉన్నాయి. రెండూ మంచివే. కానీ ఒకే దిద్దుబాటు వేల ఫైళ్లకు చేయాలన్నా, ఏడాది తర్వాత అదే పని మళ్లీ అదే తీరుగా నడపాలన్నా కమాండ్ లైన్‌కు సాటి లేదు. ఏం చేశామో ఆదేశం రూపంలో రాతపూర్వకంగా మిగులుతుంది. పక్కవాళ్లకు నేర్పడం కూడా తేలిక. ఆ వాక్యం పంపితే చాలు.

బీట్స్ ఎలా పనిచేస్తుంది

బీట్స్‌కు ప్రాణం ఇంపోర్ట్ అనే ఆదేశం. ఒక ఫోల్డర్ చూపిస్తే అందులోని పాటల పేర్లు, సంఖ్య, నిడివి చూసి మ్యూజిక్‌బ్రెయిన్జ్ డేటాబేస్‌లో దానికి సరిపోయే ఆల్బమ్ వెతుకుతుంది. రాబర్ట్ కే 2000లో మొదలుపెట్టిన ఈ డేటాబేస్ వికీపీడియాలాగే ప్రజలు నింపేది. దాని ప్రధాన సమాచారంపై ఎవరికీ హక్కుల ఆంక్ష లేదు. పోలిక బాగా కుదిరితే బీట్స్ అడగకుండానే ట్యాగులు రాసేస్తుంది. మామూలు అమరికలో ఈ గీత 96 శాతం దగ్గర ఉంటుంది. అంతకు తగ్గితే తేడాలు చూపించి ఒప్పుకోమంటుంది. వేరే పేరుతో వెతకమనవచ్చు, ఉన్నది ఉన్నట్టే ఉంచమనవచ్చు, వదిలేయమనవచ్చు. తెలుగు సేకరణ ఉన్నవారు మొదట్లో ప్రతి ఆల్బమ్‌కూ అడిగి తీరాలనే అమరిక పెట్టుకోవడం మంచిది.

పేరే లేని ఫైళ్లకు ఇంకో దారి ఉంది. ధ్వనినే విని గుర్తుపట్టే క్రోమాప్రింట్ పద్ధతి. లూకాష్ లాలిన్‌స్కీ తయారుచేసిన ఈ పద్ధతి పాట మొదటి రెండు నిమిషాల ధ్వనిని 12 స్వరస్థానాల బలాబలాల పట్టికగా మార్చి, దాన్నుంచి ఒక వేలిముద్ర తీస్తుంది. ఆ ముద్రను అకౌస్టిడ్ భాండాగారంలో పోల్చి చూస్తారు. ‘ట్రాక్ 01’ అని ఉన్న సినిమా పాటను ఇది పట్టిచ్చే అవకాశం బాగానే ఉంది. అయితే ఇది గుర్తుపట్టేది ఫలానా రికార్డింగును, పాటను కాదు. అదే పాటను ఇంకొకరు పాడితే దానికి వేరే ముద్ర. భాండాగారంలో ఎవరూ చేర్చని రికార్డింగ్ అయితే ఎంత బాగా వినిపించినా జవాబు రాదు.

బీట్స్‌లో నాకు బాగా నచ్చే గుణాలు మూడు. మొదటిది, అడగకపోతే అసలు ఫైలును ముట్టదు. మామూలు అమరికలో నకలు తీసి, ట్యాగులు నకలులో రాస్తుంది. రెండోది, ప్రశ్న అడిగే శక్తి. 1950 నుంచి 1959 దాకా వచ్చిన పాటలు చూపించమనవచ్చు. రచయిత అర ఖాళీగా ఉన్న పాటల జాబితా ఇమ్మనవచ్చు. ఈ రెండో ప్రశ్న ప్రతి సేకర్త తనకు తాను వేసుకోవాల్సిందే. మూడోది, ఎడిట్ అనే ప్లగిన్. అది ఎంచుకున్న పాటల ట్యాగులన్నీ మన ఎడిటర్‌లో తెరుస్తుంది. అక్కడ తెలుగు చక్కగా కనిపిస్తుంది, హాయిగా టైపు చేయవచ్చు. దాచి, మార్పులకు సరేననగానే అవి ఫైళ్లలోకి వెళ్తాయి. టర్మినల్‌లో తెలుగు విరిగే ఇబ్బందికి ఇదే సరైన విరుగుడు.

లోపమూ ఒకటి చెప్పాలి. బీట్స్‌లో ఊరు, సందర్భం వంటి సొంత అరలు ఎన్నైనా సృష్టించుకోవచ్చు. కానీ మామూలుగా అవి డేటాబేస్‌లోనే ఉంటాయి, పాట ఫైలులోకి వెళ్లవు. ఫైలు ఒక్కటే ఇంకొకరికి పంపితే ఆ వివరాలు వెంట రావు. అరుదైన పాటలకు ఇది ప్రమాదం. అందుకే అలాంటి వివరాలను వ్యాఖ్య అరలోనైనా రాయాలి, లేదా కిడ్‌త్రీతో ఫైలులోనే సొంత అర తెరిచి రాయాలి.

సినిమా పాటలు: వివరాలెక్కువ, చిక్కులూ ఎక్కువే

సినిమా పాటలకు సమాచారం దొరుకుతుంది. తంటా అంతా పేర్లతోనే. తెలుగులో కీరవాణిగా పేరొందిన స్వరకర్త తమిళంలో మరకతమణి, హిందీలో ఎం.ఎం. క్రీమ్. మూడు ఫోల్డర్లలో చెదిరిపోతే ఆయన పని మొత్తం ఒకచోట చూడలేం. మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లో ఒకే మనిషికి ఎన్ని పేర్లున్నా ఒకే గుర్తింపు కింద ఉంచి, ఏ పేరు ఏ భాషదో నమోదు చేసే ఏర్పాటుంది. బీట్స్ అమరికల్లో భాషల వరుసలో తెలుగును ముందు పెడితే, తెలుగు పేరు నమోదై ఉన్నచోట దాన్నే తీసుకుంటుంది. లేనిచోట మనమే మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లో చేరిస్తే అందరికీ ఉపయోగం.

సినిమా పేర్లూ తిరిగి తిరిగి వస్తాయి. ‘దేవదాసు’ 1953లో వచ్చింది, 1974లో వచ్చింది, 2006లోనూ వచ్చింది. సంవత్సరం లేకుండా ఫోల్డర్ పేరు పెడితే మూడూ కలిసిపోతాయి. సంవత్సరంలోనూ మెలిక ఉంది. పాత పాటల సంకలనం సీడీగా ఎప్పుడో వస్తే ఆ సీడీ సంవత్సరమే ట్యాగులో పడుతుంది. తొలి విడుదల సంవత్సరానికి వేరే అర ఉంది. ఫోల్డర్ల పేర్లకు దాన్నే వాడాలి. డబ్బింగ్ చిత్రాలతో ఇంకా జాగ్రత్త అవసరం. 1992 నాటి ‘రోజా’ లాంటి చిత్రానికి తమిళ ఆల్బమ్, తెలుగు ఆల్బమ్ రెండూ ఉంటాయి. పాటల సంఖ్య, నిడివి దగ్గరగా ఉండడంతో తెలుగు ఫైళ్లకు తమిళ పేర్లు పడే అవకాశముంది. ఒప్పుకునే ముందు భాష చూసుకోవాలి.

ఒక్కో పాటకు ఒక్కో చరిత్ర ఉండే సందర్భాలకు ‘మాయాబజార్’ మంచి ఉదాహరణ. 1957 నాటి ఆ చిత్రానికి మొదట సాలూరి రాజేశ్వరరావు కొన్ని బాణీలు కట్టారు. తర్వాత సంగీత బాధ్యత ఘంటసాలది. ఆల్బమ్ మొత్తానికి ఒకే పేరు రాస్తే సాలూరి వాటా మాసిపోతుంది. స్వరకర్త అర పాట పాటకూ వేరుగా నింపుకోవచ్చు, అలాగే నింపాలి. యుగళగీతాల విషయంలోనూ అంతే. ఇద్దరు గాయకుల పేర్లు ఒకే వాక్యంగా కలిపి రాస్తే గాయని లీల పాటలు వెతికేవారికి ఘంటసాలతో పాడినవి విడిగా తేలవు. ఐడీత్రీ 2.4లో ఒకే అరలో పలు పేర్లు విడివిడిగా ఉంచవచ్చు. 2024లో వచ్చిన బీట్స్ 2.0 కూడా ఇలాంటి బహుళ పేర్ల అరలను నిర్వహిస్తుంది.

నా సిఫారసు ఇది. ఆల్బమ్ అరలో సినిమా పేరు, ఆల్బమ్ కళాకారుడి అరలో సంగీత దర్శకుడు, కళాకారుడి అరలో గాయకులు, రచయిత అరలో రచయిత. ఫోల్డర్ పేరులో ముందు సంవత్సరం, తర్వాత సినిమా. తెలుగువాళ్లు పాటను గుర్తుపెట్టుకునే తీరు ఇదే కాబట్టి వెతకడం ఇంటిల్లిపాదికీ సులువవుతుంది.

ఈ నేల పాటలు: ఇక్కడ యంత్రానికి తెలిసింది తక్కువ

నల్లగొండ, పాలమూరు నేల పాటలకు పుట్టిల్లు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్య నాగర్‌కర్నూల్ జిల్లావారు, 2022లో పద్మశ్రీ అందుకున్నారు. బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్ప నారాయణపేట జిల్లా దామరగిద్దవారు, 2024లో పద్మశ్రీ అందుకున్నారు. సుద్దాల హనుమంతు, బండి యాదగిరి, గోరటి వెంకన్న ఈ ప్రాంతపు కవులే. మొగిలయ్య గొంతు ‘భీమ్లా నాయక్’ సినిమా పాటలో ఉంది కాబట్టి ఆ పాటను యంత్రం గుర్తుపట్టవచ్చు. ఆయన కిన్నెర మీద పాడే పండుగ సాయన్న కథను ఎవరైనా ఊళ్లో ఫోన్‌తో రికార్డు చేస్తే, దాన్ని ఏ భాండాగారమూ గుర్తుపట్టదు. దానికి పేరు రాయగలిగింది రికార్డు చేసిన మనిషి ఒక్కడే.

ఇక్కడ ట్యాగు ఎంత విలువైనదో ఒక పాట చాలు చెప్పడానికి. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టిన ‘బండెనక బండి కట్టి’ పాటను 1979లో తీసిన ‘మా భూమి’ చిత్రంలో గద్దర్ పాడారు. ఆ గొంతుతోనే పాట రాష్ట్రమంతా పాకింది. కళాకారుడి అర ఒక్కటే ఉన్న ఫైలులో గద్దర్ పేరు మిగులుతుంది, యాదగిరి పేరు పోతుంది. పాటకు ‘జానపదం’ అని రకం రాస్తే ఇంకా అన్యాయం. కట్టిన కవి ఉన్న పాట అనామకం అయిపోతుంది. ఉద్యమ పాటలన్నింటికీ ఈ ముప్పు ఉంది. కాబట్టి రచయిత అర ఖాళీగా ఉన్నప్పుడు మూడు సంగతులు వేరుచేసి రాయాలి. బతుకమ్మ పాటల్లా తరతరాలుగా వస్తున్నదైతే ‘సంప్రదాయం’ అని రాయాలి. కవి ఉన్నాడని తెలిసి పేరు తెలియకపోతే ‘రచయిత తెలియదు’ అని రాయాలి. ఇంకా విచారించని వాటి అర ఖాళీగా ఉంచాలి. ఊహించి ఏదో ఒక పేరు రాయడం అన్నింటికంటే చెడ్డది. ఎందుకంటే రేపు దాన్నే నిజమనుకుని ఇంకొకరు నకలు తీస్తారు.

పాట పేరు, పాడినవారు, కట్టినవారు, ప్రక్రియ, ఊరు, సందర్భం, రికార్డు చేసిన తేదీ, చేసినవారు. ఊరి పాటకు ఈ ఎనిమిది వివరాలు ఉండాలి. ప్రక్రియ అంటే ఒగ్గు కథా, శారద కథా, చిందు యక్షగానమా, బతుకమ్మ పాటా అన్నది. దాన్ని సంగీత రకం అరలో తెలుగులోనే రాయవచ్చు. ఇప్పుడు ఆ అరకు 80 పేర్ల హద్దు లేదు. ఊరు రాసేటప్పుడు జిల్లా మీద ఆధారపడకూడదు. 2016 అక్టోబరులో ఉమ్మడి నల్లగొండ మూడు జిల్లాలైంది, పాలమూరు కూడా చీలింది. పాత క్యాసెట్ మీద నల్లగొండ జిల్లా అని ఉన్న ఊరు ఇవాళ సూర్యాపేటలోనో యాదాద్రి భువనగిరిలోనో ఉండవచ్చు. ఊరి పేరు మారదు కాబట్టి ముందు అది రాసి, పక్కన ఇప్పటి జిల్లా రాయాలి.

ఒగ్గు కథ లాంటివి రాత్రంతా సాగుతాయి. ఫోన్ వాటిని ముక్కలుగా దాచుతుంది. కథ మొత్తాన్ని ఒక ఆల్బమ్‌గా, ముక్కలను వరుస సంఖ్యలున్న పాటలుగా పెడితే క్రమం చెడదు. పాత ఫోన్ల ఏఎంఆర్ రికార్డింగులను బీట్స్ తీసుకోదు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తో ఫ్లాక్‌లోకి మార్చుకుని, అసలు ఫైలునూ పక్కన ఉంచుకోవాలి. క్యాసెట్ల నుంచి ఎక్కించేవి కూడా ముందు ఫ్లాక్‌లో ఉంచి, వినడానికి ఎంపీత్రీ నకలు తీసుకోవాలి. ఎంపీత్రీలో ఒకసారి పోయిన ధ్వని మళ్లీ రాదు.

ఇంపోర్ట్ చేసేటప్పుడు ఈ పాటలకు వెతుకులాట మాన్పించే అమరిక వాడాలి. లేకపోతే పేరు కాస్త కలిసిన ఏదో ఆల్బమ్‌ను బీట్స్ ముందుకు తెస్తుంది. వీటిని సినిమా పాటలతో కలపకుండా వేరే ఫోల్డర్‌లో, వేరే నియమాలతో ఉంచడం అన్నివిధాలా మంచిది.

శాస్త్రీయ సంగీతం ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. త్యాగరాజ కీర్తనకు వాగ్గేయకారుడు, రాగం, తాళం, గాయకుడు అన్నీ ముఖ్యమే. 2011 నుంచి 2017 దాకా బార్సిలోనాలోని పాంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయం నడిపిన కాంప్‌మ్యూజిక్ పరిశోధన కర్ణాటక సంగీతపు వివరాలను మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లోకి ఎక్కించింది. మన సంగీతపు లెక్కలు ప్రపంచ డేటాబేస్‌లో ఇముడుతాయని అది చేసి చూపింది. జానపదానికి, ఉద్యమ పాటకు ఆ పని ఇంకా మన చేతుల్లోనే ఉంది.

దాచడం, వినడం, హక్కులు

ట్యాగులన్నీ తెలుగులో ఉంటే కారు స్టీరియోలో డబ్బాలు కనిపిస్తాయన్నది చాలామంది ఫిర్యాదు. నిజమే, పాత స్టీరియోలకు తెలుగు అక్షరాలు రావు, వాటిలో చాలా వాటికి ఐడీత్రీ 2.4 కూడా రాదు. దీనికోసం అసలు సేకరణను చెడగొట్టకూడదు. బీట్స్‌లోని కన్వర్ట్ ప్లగిన్‌తో పెన్ డ్రైవ్ కోసం వేరే నకలు తీసి, అందులో పాత 2.3 ట్యాగులు రాసుకోవచ్చు. ఫైలు పేర్లను ఇంగ్లిష్ లిపిలోకి దానంతట అదే మార్చే అమరిక ఉంది కానీ, అది తెలుగు అకారాన్ని సరిగా పలికించలేదు. పొట్టి పేర్లు మనమే పెట్టుకోవడం నయం.

సేకరణ రెండు చోట్ల ఉండి తీరాలి. వాటిలో ఒకటి ఇంటి బయట ఉండాలి. మెమరీ కార్డు చెప్పి పోదు. ఫైళ్లతో పాటు బీట్స్ డేటాబేస్‌నూ, అమరికల ఫైలునూ కలిపి నకలు తీయాలి. ఎక్స్‌పోర్ట్ ప్లగిన్‌తో వివరాలన్నీ అప్పుడప్పుడూ సీఎస్‌వీగా తీసి పెట్టుకుంటే, రేపు బీట్స్ లేకపోయినా మామూలు స్ప్రెడ్‌షీట్‌లో తెరిచి చదువుకోవచ్చు.

హక్కుల సంగతీ ట్యాగుతో ముడిపడి ఉంది. మన 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ధ్వని ముద్రణకు హక్కు విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లు. పాట సాహిత్యానికి మాత్రం రచయిత మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. ‘మాయాబజార్’ ధ్వని ముద్రణల గడువు 2017తో తీరినా, 1971లో కన్నుమూసిన పింగళి నాగేంద్రరావు సాహిత్యానికి రక్షణ 2031 చివరిదాకా ఉంది. రచయిత పేరు, సంవత్సరం ట్యాగులో లేకపోతే ఏది పంచుకోవచ్చో, ఏది కూడదో తేల్చలేం. ఊళ్లో రికార్డు చేసిన కళాకారుల పాటలకైతే చట్టం కన్నా ముందు వారి అనుమతి. వారిని అడిగి, ఒప్పుకున్నారన్న మాట కూడా వ్యాఖ్య అరలో రాసి పెట్టాలి.

తీర్పు

సినిమా పాటలు ఎక్కువగా ఉన్నవారికి బీట్స్‌ను నిస్సందేహంగా సిఫారసు చేస్తాను. పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసుకున్నా చాలు, పైసా ఖర్చు లేదు. నేర్చుకునే శ్రమ మొదట్లోనే ఉంటుంది, తర్వాత ఏళ్ల తరబడి కలిసొస్తుంది. ఊరి పాటలు, ఉద్యమ పాటలు ఉన్నవారు కిడ్‌త్రీతో ఫైలులోనే వివరాలు రాసి, ఆ తర్వాత బీట్స్‌కు అప్పగించాలి. ఇద్దరూ మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లో ఖాతా తెరిచి తమకు నిశ్చయంగా తెలిసిన రచయితల, గాయకుల పేర్లు తెలుగులో చేర్చాలి. అక్కడ చేర్చిన ప్రతి పేరూ ప్రపంచంలో ఆ పాట ఉన్న ప్రతి సేకరణకూ చేరగలదు.

నార్కట్‌పల్లి చుట్టుపక్కల ఒగ్గు కథలు చెప్పేవారు, ఉద్యమంలో గజ్జె కట్టినవారు, బతుకమ్మ పాటలు నోటికి వచ్చిన పెద్దమ్మలు ఇంకా మనమధ్య ఉన్నారు. పాట ఎవరిదని అడిగితే చెప్పగలరు. చదువుకున్న పిల్లలు సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు ఆ పెద్దల పక్కన కూర్చుని, మీ ఇంటి కార్డులోని పాటలు ఒక్కొక్కటి వినిపించి, వారు చెప్పిన పేర్లు ఆ ఫైళ్లలోనే రాయండి. రచయిత అర ఖాళీగా ఉన్న పాటల జాబితాతో ఈ రోజే మొదలుపెట్టండి.